మోటార్‌సైకిల్ టైరు ఇంట్లో మార్చడం: రాడ్లు, టైరు ఛేంజర్, దుకాణం – మీ బండికి ఏది సరిపోతుంది

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఎక్కడ ఉన్నా పంక్చరు దుకాణం కోసం దూరం వెళ్లవలసిన అవసరం రాదు. అయినా తమ బండి టైరును తామే ఇంట్లో మార్చుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. కొత్త అలాయ్ రిమ్ము మీద ఇనుప రాడ్డు గీతలు పడ్డాయన్న బాధ కొందరిది. చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు స్పేసర్ (చక్రం పక్కకు జరగకుండా యాక్సిల్ మీద తొడిగే గొట్టపు ముక్క) తారుమారు చేసి పంపారన్న ఫిర్యాదు మరికొందరిది. తమ బండి పని తమకు తెలిసి ఉండాలన్న పట్టుదల ఇంకొందరిది. ఇవన్నీ న్యాయమైన కారణాలే. అయితే ఆ కారణాలతో నేరుగా టైరు ఛేంజర్ స్టాండు కొనడానికి బయలుదేరే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: మీ బండికి ఉన్నది ఎటువంటి చక్రం, మీ ఇంట్లో ఏడాదికి ఎన్ని టైర్లు మారుతాయి. ఈ రెండూ తెలిస్తే పరికరాల గురించిన సందేహం చాలావరకు తీరిపోతుంది.

మన ముందున్న మార్గాలు నాలుగు. బండిని దుకాణానికి తీసుకుపోయి మొత్తం పని వారికే అప్పగించడం ఒకటి. చక్రాన్ని మాత్రం ఇంట్లో విప్పి, యంత్రం ఉన్న టైర్ల దుకాణానికి మోసుకుపోయి, టైరు ఎక్కించాక తిరిగి తెచ్చి మనమే బిగించుకోవడం రెండోది. టైరు రాడ్లతో మొత్తం పని ఇంట్లోనే చేసుకోవడం మూడోది. నేలకు బిగించి చేతితో నడిపే టైరు ఛేంజర్ పెట్టుకోవడం నాలుగోది. వీటిలో రెండో మార్గం గురించి మాట్లాడేవారు తక్కువ. నా దృష్టిలో ఎక్కువమందికి సరిపోయేది అదే.

ముందుగా చక్రాన్ని చదవడం నేర్చుకోవాలి. రిమ్ము మీద 1.85×18 (రిమ్ము వెడల్పు, వ్యాసం అంగుళాల్లో) వంటి అంకెలు గానీ, ఎంటీ అనే అక్షరాలతో కూడిన కొలత గానీ పోత పోసి ఉంటుంది. స్పోకుల చక్రాలకు సాధారణంగా వాడే రిమ్ముల్లో టైరు అంచు కూర్చునే చోటు చదునుగా ఉంటుంది. గాలి తీసి కాలితో తొక్కితే టైరు అంచు లోపలికి జారుతుంది. ఎంటీ రకం రిమ్ములో ఆ చోటుకు లోపలి వైపున ఒక చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైరు ఊడి రాకుండా ప్రాణం కాపాడేది ఆ గట్టే, ఇంట్లో టైరు విప్పేవారికి చెమటలు పట్టించేదీ ఆ గట్టే. ట్యూబ్‌లెస్ అలాయ్ చక్రాలన్నీ ఈ రకమే. అలాయ్ చక్రం కనిపించగానే ట్యూబు లేదని అనుకోకూడదు. పాత కమ్యూటర్ (రోజువారీ రాకపోకలకు వాడే చిన్న) బండ్లలో అలాయ్ చక్రానికి ట్యూబు ఉన్నవి చాలా ఉన్నాయి. టైరు పక్క గోడ మీద ఏమి రాసి ఉందో, రిమ్ము మీద ఏమి రాసి ఉందో రెండూ చూడాలి.

మన వీధుల్లో కనిపించే బండ్లతోనే చెప్పాలంటే, స్పోకుల స్ప్లెండర్‌కు 2.75-18 కొలత సన్నని టైరు, లోపల ట్యూబు ఉంటాయి. పల్సర్ 150 వెనుక చక్రం ట్యూబ్‌లెస్, 100/90-17. స్పోకుల క్లాసిక్ 350కి ముందు 19 అంగుళాలు, వెనుక 18 అంగుళాలు, రెండింటిలోనూ ట్యూబు. డ్యూక్ 390 వెనుక టైరు 150/60 కొలత 17 అంగుళాల రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే రకం). ఈ నాలుగింటినీ ఒకే సలహాతో సరిపెట్టడం కుదరదు. స్ప్లెండర్ టైరు రెండు రాడ్లతో, కొంత ఓపికతో వచ్చేస్తుంది. డ్యూక్ వెనుక టైరును అదే రాడ్లతో విప్పబోతే రిమ్ము చెడిపోయే అవకాశమే ఎక్కువ.

ఏ పరికరం వాడినా పని వెనుక సూత్రం ఒకటే కాబట్టి, దాన్ని ఇక్కడే వివరించడం మంచిది. టైరు అంచు లోపల ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, మెకానిక్కులు బీడింగ్ అనేది దాన్నే. ఆ తీగ సాగదు. రిమ్ము అంచు చుట్టుకొలత దానికంటే పెద్దది. సాగని చిన్న వలయం పెద్ద అంచును దాటి బయటికి రావాలంటే, రాడ్డు పెట్టిన చోటుకు సరిగ్గా ఎదురు వైపున బీడింగ్‌ను రిమ్ము మధ్యలో ఉన్న లోతైన గాడిలోకి దించాలి. అప్పుడు ఇవతలి వైపు కావలసినంత వదులు దొరుకుతుంది. రాడ్డు మీద బలం ప్రయోగించవలసి వస్తున్నదంటే ఎదురు వైపు బీడింగ్ గాడిలో లేదని అర్థం. అటువంటప్పుడు మరింత గట్టిగా లాగడం మాని, లేచి అవతలి వైపు మోకాలితో టైరును నొక్కి రావాలి. ఈ ఒక్క మాట వంటబట్టినవారికి మామూలు రాడ్లు చాలు. వంటబట్టనివారి చేతిలో వేల రూపాయల ఛేంజర్ ఉన్నా బీడింగ్ తెగుతుంది.

ఇక రాడ్ల సంగతి. ట్యూబు ఉన్న సన్నని టైరుకు ఇంతకంటే మేలైన మార్గం లేదని నా నమ్మకం. కొన మొద్దుగా, నునుపుగా ఉన్న రాడ్లు మూడు, వాల్వు పిన్ను తీసే చిన్న సాధనం, సబ్బు నీళ్లు, పాత చాప లేదా బస్తా, చేతి పంపు ఉంటే పని జరుగుతుంది. ఇవన్నీ కలిపినా ఖర్చు వందల్లోనే ఉంటుంది. విప్పేటప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టాలి, ఎక్కించేటప్పుడు వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు ఉన్న చోట ట్యూబు మందం అడ్డుపడి బీడింగ్ గాడిలోకి పూర్తిగా దిగదు కనుక ఈ క్రమం ఏర్పడింది. కొత్త ట్యూబులో ఆకారం నిలిచేంత కొద్దిపాటి గాలి ముందే నింపితే, రాడ్డుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి కొత్తగా పంక్చరయ్యే ప్రమాదం తగ్గుతుంది. ఒక్కో పట్టులో రాడ్డుతో కొద్ది భాగాన్నే దాటించాలి. ఎక్కువ భాగాన్ని ఒకేసారి లాగాలన్న ఆత్రుతే ట్యూబులు చిరగడానికి, స్పోకులు వంగడానికి కారణం.

చేను గట్ల మీద తిరిగే బండ్లకు మరో జాగ్రత్త ఉంది. సర్కారు తుమ్మ ముల్లు టైరు రబ్బరులో విరిగి లోపలే ఉండిపోతుంది. ట్యూబు మార్చినా అదే చోట మళ్లీ దిగుతుంది. టైరు లోపలి భాగమంతా ఒక గుడ్డతో నిదానంగా తుడవాలి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టే. వేలితో తడిమితే గుచ్చుకుంటుంది. స్పోకుల చివర్లను కప్పే రిమ్ము పట్టీ చిరిగి ఉంటే దాన్నీ అప్పుడే మార్చాలి. ఆ పట్టీ చాలా చవక, అది లేక పోయే ట్యూబు అంత చవక కాదు.

ట్యూబ్‌లెస్ చక్రం దగ్గరికి వచ్చేసరికి రాడ్ల పని మూడు చోట్ల కష్టమవుతుంది. మొదటిది బీడింగ్‌ను ఆ గట్టు దాటించి వదులు చేయడం. కాలితో తొక్కితే కదలదు. పెద్ద సీ-క్లాంపు (సీ అక్షరం ఆకారంలో ఉండి మర తిప్పి నొక్కే బిగింపు) వంటిది గానీ, బీడింగ్‌ను నొక్కి వదులుచేసే బీడ్ బ్రేకర్ గానీ కావాలి. కారు జాకీని టైరు మీద పెట్టి పైన బండి బరువు మోపే పద్ధతి కొందరు చూపిస్తారు. డిస్కు ఉన్న చక్రానికి అది ప్రమాదం, బండి పక్కకు ఒరిగితే మనిషికీ ప్రమాదమే. నేను దాన్ని సిఫారసు చేయను. రెండోది గీతలు. రిమ్ముకు తగిలించే ప్లాస్టిక్ రక్షకాలు కొంత కాపాడతాయి గానీ, టైరు వెడల్పు పెరిగే కొద్దీ అవి జారిపోతుంటాయి. ట్యూబ్‌లెస్ రిమ్ములో బీడింగ్ కూర్చునే చోట లోతైన గీత పడితే అది అందానికి సంబంధించిన లోపంగా మిగలదు, అక్కడి నుంచి గాలి మెల్లగా దిగిపోతుంది.

మూడోది గాలి, చాలామంది లెక్కలోకి తీసుకోని విషయం ఇదే. ట్యూబ్‌లెస్ టైరు బీడింగ్ రెండు వైపులా గట్టు దాటి తన చోట కూర్చోవాలంటే ఒక్కసారిగా ఎక్కువ గాలి లోపలికి పోవాలి. చేతి పంపుతో అది సాధ్యం కాదు. బండి బ్యాటరీతో నడిచే చిన్న ఇన్‌ఫ్లేటర్లు కూడా చాలాసార్లు చాలవు, ఎందుకంటే అవి పీడనం ఇవ్వగలవే గానీ అంత వేగంగా గాలిని ఇవ్వలేవు. వాల్వు పిన్ను తీసేసి నింపితే గాలి వేగంగా పోతుంది, బీడింగ్‌కు బాగా సబ్బు రాస్తే జారుతుంది. అయినా ట్యాంకు ఉన్న కంప్రెసర్ లేకపోతే ఎన్నిసార్లు ప్రయత్నించినా బీడింగ్ కూర్చోకపోవచ్చు. కూర్చునేటప్పుడు రెండు వైపులా టప్పుమన్న చప్పుడు వినిపిస్తుంది. 40 పీఎస్ఐ దగ్గరికి వచ్చినా ఆ చప్పుడు రాకపోతే నేను ఆపేస్తాను. మొత్తం గాలి వదిలి, మళ్లీ సబ్బు రాసి మొదలుపెడతాను. టైరు మీద రాసి ఉన్న పరిమితిని ఎవరూ దాటకూడదు. గాలి నిండుతున్నప్పుడు రిమ్ముకూ టైరుకూ మధ్య వేళ్లు పెట్టకూడదు.

చేతి టైరు ఛేంజర్ వీటిలో మొదటి రెండు కష్టాలను బాగా తీరుస్తుంది, మూడోదాన్ని ఏ మాత్రం తీర్చదు. కొనేవారు దీన్ని ముందే తెలుసుకోవాలి. దాని నిర్మాణం సులభమైనదే: చక్రాన్ని కదలకుండా పట్టుకునే పట్లు, మధ్యలో నిలువు కడ్డీ, బీడింగ్‌ను నొక్కి వదులుచేసే పొడవైన చేయి, చివర నైలాన్ ముక్క తొడిగిన పొడవాటి బారు. ఆ బారును మధ్య కడ్డీకి ఆనించి చుట్టూ తిప్పితే బీడింగ్ ఒకే ఊపులో అంచు దాటుతుంది. రిమ్ముకు తగిలేది నైలాన్ కాబట్టి గీతలు పడవు, నడుము మీద భారం తగ్గుతుంది, వెడల్పాటి రేడియల్ టైరు కూడా లొంగుతుంది. అమెరికాలో తయారయ్యే నో-మార్, ఎస్టోనియా వారి రబకొండ వంటివి ఈ రకంలో పేరున్న పరికరాలు. వాటిని దిగుమతి చేసుకుంటే రవాణా, సుంకాలతో కలిపి ఖర్చు పాత కమ్యూటర్ బండి ధరకు దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే బండికి వెనుక టైరు 25,000 కిలోమీటర్లు వచ్చిందనుకుంటే, అది మారేది రెండేళ్లకొకసారి. ముందు టైరు ఇంకా ఆలస్యం. అంటే ఒక్క బండి ఉన్న ఇంట్లో ఛేంజర్ ఏడాదికి ఒక్కసారి కూడా పనిలోకి రాదు. అన్నదమ్ముల బండ్లు నాలుగైదు ఒకే వాకిట్లో ఉన్న ఇల్లు, తరచుగా దూర ప్రయాణాలు చేస్తూ మెత్తటి రేడియల్ టైర్లను ఏడాది తిరగకముందే అరగదీసే రైడరు, కలిసి ప్రయాణించే పది మంది మిత్రుల బృందం – వీరికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. తక్కినవారికి గిట్టుబాటు కాదు.

దిగుమతి ఖర్చు భరించలేనివారు మన ఊరి వెల్డింగు దుకాణంలో చేయించుకోవచ్చు. ఇనుప ఛానళ్లు, పైపు, బోల్టులతో స్టాండు తయారవుతుంది. అయితే రెండు చోట్ల పొదుపు చేయకూడదు. రిమ్మును పట్టే చోట గట్టి రబ్బరు ఉండాలి, బారు కొనకు నైలాన్ ముక్కను లేత్ మీద తిప్పించి బిగించాలి. కొన ఇనుపదే అయితే అది పొడవాటి రాడ్డు మాత్రమే, పొడవు పెరిగినందున రిమ్ముకు చేసే హాని కూడా ఎక్కువ. ఇక నేల సంగతి. ఛేంజర్ చుట్టూ తిరుగుతూ లాగేటప్పుడు స్టాండు కదలకుండా ఉండాలంటే దాన్ని మందమైన కాంక్రీటులోకి యాంకర్ బోల్టులతో బిగించాలి. షాబాద్ బండలు పరిచిన వాకిలిలో డ్రిల్లు పెడితే బండ పగులుతుంది, టైల్సు వేసిన పార్కింగులో ఇంటి యజమాని ఒప్పుకోడు. అద్దె ఇళ్లలో ఉండేవారు స్టాండును మనిషి నిలబడగలిగేంత పెద్ద ఇనుప చట్రానికి గానీ మందపాటి ప్లైవుడ్‌కు గానీ బిగించి, దాని మీద నిలబడి లాగాలి; పని కొంత కుదుపుగా ఉంటుంది గానీ సన్నని, మధ్య రకం టైర్లకు సరిపోతుంది.

ఇన్ని చూశాక, ఒక్క ట్యూబ్‌లెస్ బండి ఉన్న ఉద్యోగికి గానీ విద్యార్థికి గానీ నేను చెప్పేది రెండో మార్గమే. చక్రాన్ని ఇంట్లో విప్పండి, యంత్రమూ కంప్రెసరూ ఉన్న దుకాణంలో టైరు ఎక్కించండి, ఇంటికి తెచ్చి మీరే బిగించండి. రిమ్ము పాడవకుండా చేసే పని యంత్రానికి వదిలేసినట్టవుతుంది. తొందరలో చెడిపోయే పని, అంటే స్పేసర్లు, చైను, బ్రేకు, యాక్సిల్ బిగింపు, మీ చేతిలో ఉంటుంది. దుకాణంలో బండ్ల వరుస ఉన్నప్పుడు ఆ పనివాడికి దొరికే సమయం మీకు మీ వాకిట్లో దొరికే సమయంతో సమానం కాదు. అతని నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వీధి చివర చెట్టు కింద రెండు రాడ్లతో కొన్ని నిమిషాల్లో టైరు విప్పగల చేయి మనలో ఎవరికీ లేదు. అయితే స్పేసర్ ఏ వైపుదో గుర్తుపెట్టుకుని, యాక్సిల్‌కు గ్రీసు రాసి, నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించేంత తీరిక అతనికి ఉండదు.

ఈ మార్గానికి కావలసిన సామాను తక్కువ: డబుల్ స్టాండు లేని బండికి చక్రాన్ని నేల నుంచి ఎత్తి నిలిపే ప్యాడాక్ స్టాండు, సరైన కొలత పానాలు, టార్క్ రెంచి. చాలా కమ్యూటర్ బండ్లలో చైను తీయకుండానే వెనుక చక్రం బయటికి వస్తుంది. విప్పిన ప్రతి భాగాన్నీ వచ్చిన వరుసలోనే నేల మీద పేర్చి ఫోనుతో ఒక ఫోటో తీసుకోవడం చిన్న పనే గానీ, దానంత ఉపకారం మరేదీ చేయదు. డిస్కు ఉన్న చక్రాన్ని డిస్కు నేలకు తగిలేలా పడుకోబెట్టకూడదు. దుకాణంలో కూడా ఇది గట్టిగా చెప్పాలి. చక్రం లేనప్పుడు బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరపడి డిస్కు మళ్లీ దూరదు. తిరిగి బిగించాక బండి కదిలించే ముందే బ్రేకును గట్టిదనం వచ్చేవరకు నొక్కాలి, డ్రమ్ము బ్రేకు అయితే రాడ్డు నట్టు సరిచేసుకోవాలి, చైను వదులు చూసుకోవాలి, స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా దూర్చి చివర్లు వంచే పిన్ను) ఉన్న బండికి కొత్త పిన్ను పెట్టాలి.

మొత్తం పని దుకాణానికే అప్పగించాలనుకునేవారు తప్పు చేస్తున్నట్టు కాదు. అక్కడ నిలబడి కొన్నింటిని చూసుకుంటే చాలు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. 2324 అని ఉంటే 2024 సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పాత నిల్వ అంటగట్టకుండా అది కాపాడుతుంది. తిరిగే దిశను చూపే బాణం ముందుకు ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకు రావాలి, ఎందుకంటే టైరులో తేలికైన చోటు అది. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టనివ్వకూడదు. బీడింగ్‌కు ఇంజన్ ఆయిలు, గ్రీసు రాయనివ్వకూడదు; అవి రబ్బరును పాడుచేస్తాయి, ఆరకుండా ఉండి టైరు రిమ్ము మీద జారేలా చేస్తాయి.

ఇంట్లో చేసేవారికి మన ఎండ ఒక సహాయం. మే నెలలో కొత్త టైరును పావుగంట డాబా మీద ఉంచితే రబ్బరు మెత్తబడి రాడ్డుకు సులభంగా లొంగుతుంది. జనవరి ఉదయాల్లో అదే టైరు బిరుసుగా ఉంటుంది కాబట్టి, ఆ కాలంలో మధ్యాహ్నం దాకా ఆగడం మంచిది. రెండేళ్లకొకసారి వచ్చే మేడారం జాతరకు పస్రా, తాడ్వాయి అడవి దారిలో బండి మీద వెళ్లేవారు టైరు మార్చే పనిని బయలుదేరే ముందు రోజుకు పెట్టుకోకూడదు. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది. మొదటి 100–150 కిలోమీటర్లు మలుపుల్లో, బ్రేకుల దగ్గర నెమ్మదిగా నడపాలి. గాలి నిలుస్తున్నదా, యాక్సిల్ నట్టు వదులైందా అన్నవి కూడా ఆ కొద్ది రోజుల ఊళ్లో తిరుగుడులోనే బయటపడతాయి.

బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చూడడం గురించి ఒక మాట. ఊళ్లో 50, 60 వేగంతో తిరిగే సన్నని టైర్లకు దాని అవసరం పెద్దగా కనిపించదు. హైదరాబాదు వైపు 163వ జాతీయ రహదారి మీద వేగంగా పోయే వెడల్పాటి టైర్ల బండికి అవసరం. యాక్సిల్‌ను రెండు సమతలమైన ఆధారాల మీద పెట్టి, చక్రం తనంత తాను ఎక్కడ ఆగుతుందో చూసి, పై భాగాన చిన్న బరువు అతికించే పద్ధతి ఇంట్లోనే చేయవచ్చు. దీనికి ఛేంజర్ అక్కర లేదు, బేరింగులు మాత్రం స్వేచ్ఛగా తిరగాలి.

అన్నీ తూచి ఛేంజరే కావాలని నిశ్చయించుకున్నవారు డబ్బు కట్టే ముందు తమ చక్రాన్ని తీసుకువెళ్లి స్టాండు మీద పెట్టి చూడాలి. మధ్య కడ్డీ మీ హబ్బు (చక్రం నడిమి భాగం) రంధ్రంలో పడుతుందా, పట్లు 17 అంగుళాల నుంచి 21 అంగుళాల వరకు జరుగుతాయా, పట్లు బిగించినప్పుడు డిస్కుకు గానీ వెనుక పళ్ల చక్రానికి గానీ ఏదైనా తగులుతున్నదా అన్నవి చూసుకోవాలి. నైలాన్ కొన అరిగితే మార్చుకునే ముక్క విడిగా దొరుకుతుందో లేదో అడగాలి. దానితో పాటు ట్యాంకు ఉన్న కంప్రెసర్ ఖర్చును కూడా అదే లెక్కలో కలపాలి, లేదా గాలి కోసం చక్రం మోసుకుపోవడానికి దగ్గరలో ఏ దుకాణం ఒప్పుకుంటుందో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.